నలుగురికి మించరాదు

రాజారత్నం కోపం గురించి రేపల్లె చుట్టుపక్కల తెలియనివాళ్లు తక్కువ. అతను తాపీమేస్త్రి. సమాధులు కట్టడంలో అందెవేసిన చేయి. తెనాలి నుంచి సముద్రం దాకా ఏ పాలెంలో క్రైస్తవుల సమాధుల దొడ్డిలోకి వెళ్లినా అతని చేతి పని ఒకటైనా కనిపిస్తుంది. కూలి దగ్గర పట్టుదల లేదు కానీ సిమెంటు పలచన చెయ్యమన్నవాడితో మాత్రం గొడవకు దిగేవాడు. నోరు పెద్దది, చెయ్యి దానికంటే ముందు లేచేది. వయసులో ఉన్నప్పుడు, ఓటు వేయడానికి వరసలో నిలబడ్డ వాళ్ల నాన్న యేసుదాసును ఎవడో ఒరే అని పిలిచి వెనక్కి నెట్టాడని, చేతిలో ఉన్న తాపీతో వాడి భుజం మీద ఒకటి ఇచ్చాడు. గాయం మానింది. ఇద్దరూ రాజీపడ్డారు, కేసు పోయింది. పోలీసుల జ్ఞాపకంలోంచి మాత్రం రాజారత్నం పోలేదు.

నేను తెనాలిలో ప్లీడర్ని. పేరున్న ప్లీడర్ని కాను. గట్టు తగాదాలు, గోడ తగాదాలు నావి. ఈ నల్లకోటులో తల నెరిసింది కాబట్టి చట్టాన్ని నాలుగు మాటలు అనే హక్కు నాకుందని అనుకుంటాను. రాజారత్నం కథ చెప్పేటప్పుడు ఆ హక్కు వాడుకుంటాను. ఊరి పేరూ మండలం పేరూ మాత్రం చెప్పను. రేపల్లె దాటి ఇంకాస్త ఉప్పుగాలి వైపు పోవాలి, అంతవరకు చాలు.

కొట్లాట జరిగాక శిక్ష వేసేది కోర్టు. జరగకముందే ఆపే అధికారం తహశీల్దారుది. కులం సర్టిఫికెట్ల మీద సంతకాలు చేసే ఆ బల్ల దగ్గరే, అదే కుర్చీలో కూర్చుని, ఆయనో ఆమో ఉన్నట్టుండి మేజిస్ట్రేటు అయిపోతారు. ఎన్నికలొస్తే చాలు, పోలీసులు పాత గొడవలవాళ్లందరినీ తీసుకొచ్చి వరసగా నిలబెడతారు. ఏడాది పాటు శాంతికి భంగం కలిగించనని బాండు రాయిస్తారు. దాన్ని మావైపు అందరూ బైండోవర్ అనే అంటారు. అమ్మమ్మలు కూడా. రాజారత్నానికి అది అలవాటైపోయిన తద్దినం. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు, సంతకం పెట్టేవాడు, బయట టీ తాగి పనికి పోయేవాడు.

మొన్న ఎన్నికలు ఎండాకాలంలో వచ్చాయి కదా, అప్పుడూ అలాగే పిలిచారు. అతనికి యాభై దాటాయి, జుట్టు సగం తెల్లబడింది. అతని తరపు ప్లీడర్ని కాబట్టి నేను కూడా వెళ్లాను. తహశీల్దారు హిమబిందుగారు చిన్న వయసు మనిషి. ఫైలు చదవకుండా సంతకం పెట్టే రకం కాదు, లంచం మాట ఎత్తితే బయటికి పంపేస్తుంది. మంచి అధికారి. నా బాధంతా అదే. చెడ్డ అధికారి అయితే నాలుగు తిట్టి నిద్రపోయేవాణ్ని.

"ఏడాది పాటు మీ వల్ల ఏ గొడవా రాకూడదండి" అని ఆమె నెమ్మదిగా చెప్పింది. "వస్తే బాండు గడువు తీరేదాకా జైల్లో ఉండాల్సి వస్తుంది. ఇది ఉత్త కాగితం అనుకోవద్దు."

రాజారత్నం తలూపాడు. అతని వెనక వాళ్లమ్మ అచ్చమ్మ నిలబడి ఉంది. పొడుగ్గా, సన్నగా, చేతికర్ర లేకుండా నడిచే ముసలావిడ. కొడుకు చెయ్యి లేచిందంటే "ఒరే రత్నం" అని ఒక్కసారి పిలిచేది. అంతే, చెయ్యి కిందికి దిగేది. భూమ్మీద అతన్ని ఆపగలిగిన ఒకే ఒక్క మేజిస్ట్రేటు ఆవిడని నేను వేళాకోళం చేసేవాణ్ని.

"వాణ్ని నేను చూసుకుంటాలే తల్లీ" అంది ఆమె తహశీల్దారుతో.

ఆ నెలలోనే వీరరాఘవయ్య పొక్లెయిన్ దింపాడు. రాజారత్నం వాళ్ల పాలెం సమాధుల దొడ్డి పక్కనున్న వరి చేను కొని, రొయ్యల చెరువులు తవ్వడం మొదలుపెట్టాడు. వీరరాఘవయ్య నాకు వరసకు బావ. ఆయన పెళ్లిలో భోజనం చేసినవాణ్ని. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పాలెంలో ఎవరు పోయినా మంచినీళ్ల టిన్నులు పంపిస్తాడు, తనూ వచ్చి కాసేపు నిలబడి పోతాడు. ఆ మర్యాద చూసి ఆయన్ని మెత్తనివాడనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

చెరువు కట్ట రోజురోజుకూ దొడ్డి వైపు జరిగింది. ముందు తుప్పలు పోయాయి. తర్వాత పేర్లు చెరిగిపోయిన పాత మట్టి సమాధులు పోయాయి. చివరి వరసలో యేసుదాసు సమాధి ఉంది, రాజారత్నం కట్టిందే. దాని పక్కన వాళ్లమ్మ కోసం చోటు వదిలి ఉంచాడు. కట్ట మట్టి ఆ చోటు అంచుకు వచ్చిన రోజు రాజారత్నం వెళ్లి పొక్లెయిన్ ముందు నిలబడ్డాడు. వీరరాఘవయ్య గొడుగు వేసుకుని మెల్లగా నడిచి వచ్చాడు.

"మేస్త్రీ, నీకు బైండోవర్ ఉందిగా" అన్నాడు. "ఎండలో ఆవేశపడమాకు. పెద్దావిడ ఒక్కతే ఇంట్లో ఉంటది. నీకేమన్నా అయితే ఆమెనెవరు చూస్తారు చెప్పు."

అందులో బెదిరింపు అని రాసుకోదగ్గ మాట ఒక్కటీ లేదు. ఆ మాటలు నాకు తర్వాత రాజారత్నమే చెప్పాడు. ఒక మనిషిని శాంతికి కట్టేస్తే, పక్కవాడు అతన్ని ఏం చేసినా చెల్లుతుందన్న సంగతి మా బావకు నాకంటే ముందే తెలిసిపోయింది.

రాజారత్నం పాసింజర్ బండెక్కి తెనాలి వచ్చాడు. నా ఆఫీసులో కుర్చీ ఉండగా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నాకు కొట్టి ఆపటం ఒక్కటే తెలుసండి" అన్నాడు. "కొట్టకుండా ఆపాలంటే ఎట్టాగో మీరు చెప్పండి."

సివిల్ కోర్టులో దావా వేశాను. నోటీసులు వెళ్లాయి, వేసవి సెలవులొచ్చాయి, కోర్టుకు తాళం పడింది. ఇక మిగిలింది తహశీల్దారే. ఇతన్ని కట్టేసిన అధికారంతోనే అవతలివాణ్ని కూడా ఆపమని అర్జీ పెట్టాను. ఆ సమయంలోనే పాలెం కుర్రాళ్లు రాజారత్నం తమ్ముడి కొడుకు ప్రతాప్‌తో కలిసి రాళ్లు పోగేస్తున్నారని ఎస్సై రిపోర్టు పంపాడు. ఎన్నికలు నెత్తి మీదున్నాయి. హిమబిందుగారు ఆ సాయంత్రమే ఉత్తర్వు రాసింది. హద్దులు సర్వే అయ్యేదాకా దొడ్డిలోగానీ, దాని పక్కనున్న చేలోగానీ, ఏ పక్షంవారైనా సరే, నలుగురికి మించి గుమికూడరాదు. నూట నలభై నాలుగో సెక్షను.

గేటుకు ఆ కాగితం అంటిస్తుంటే పాలెం అంతా సంతోషించింది. నేను కూడా సంతోషించాను, దాచుకోవడం ఎందుకు. దొడ్డికి కాపలాగా ఒక కానిస్టేబుల్‌ను కూడా వేశారు.

మర్నాడు పొద్దున్నే పొక్లెయిన్ మోగింది.

యంత్రం ఒకటి. దాని మీద డ్రైవరు ఒకడు. ఒకడు గుంపు కాడు. చప్పుడు విని పాలెంలోంచి పదిమంది పరిగెత్తుకొచ్చారు. అప్పటిదాకా వేపచెట్టు కింద కూర్చున్న కానిస్టేబుల్ లేచి, కాగితం చూపించి, వాళ్లందరినీ వెనక్కి పంపాడు. పాపం అతని తప్పేముంది. అతను చదివింది సరిగ్గానే చదివాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజే బస్సెక్కి వెళ్లాను.

"మేడమ్, మీ కాగితం మనుషుల్ని ఆపింది. మట్టిని ఆపలేదు" అన్నాను.

"పని ఆపమని రాయాలంటే హద్దు తేలాలి కదండీ రామకృష్ణగారూ" అందామె. కళ్లకింద నలుపు, నిద్ర లేని మొహం. "ఆయన తన పట్టా భూమి అంటున్నాడు. సర్వేయరు ఎన్నికల డ్యూటీలో ఉన్నాడు, రాగానే పంపిస్తాను. నేను రాసింది కొట్లాట ఆపడానికి. కొట్లాట ఆగింది కదా?"

ఆగింది. కాదని ఎలా అంటాను.

కట్ట ఆకారానికి వచ్చేసింది. ఇంజన్లు కూడా దిగాయి. ఇక కాల్వలోంచి ఉప్పునీళ్లు ఎత్తి చెరువు నింపడమే మిగిలింది. నీళ్లు పెట్టారంటే అంతా అయిపోయినట్టేనని రాజారత్నం అన్నాడు. అప్పుడిక ఆ వరసలో మూరెడు తవ్వినా గుంటలోకి ఊట వస్తుంది, ఎవర్నీ పెట్టడానికి ఉండదు. ఉన్నవాళ్లు కూడా నీళ్లలో ఉన్నట్టే. అతను చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడటం అప్పుడే గమనించాను. కొత్తగా పట్టిన అలవాటు అది. ఎవరితో మాట్లాడినా ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉండేవాడు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోలేదు. ఒక పొద్దున అచ్చమ్మ గొడుగు తీసుకుని దొడ్డిలోకి వెళ్లింది. భర్త సమాధి పక్కన, తన కోసం వదిలిన చోట్లో, కట్ట మట్టి మీద చాప పరుచుకుని కూర్చుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. కానిస్టేబుల్ వచ్చి లెమ్మన్నాడు.

"ఒక్కదాన్నేగా అయ్యా" అంది. "నాకు బైండోవర్ కూడా లేదు. కావాలంటే మీ తహశీల్దారమ్మను అడుగు."

కానిస్టేబుల్ తిరిగి వేపచెట్టు కిందికి పోయాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. సంగతి విని నేను పకపకా నవ్వాను. ఇన్నేళ్ల నా ప్లీడరీలో నాకు తట్టని పాయింటు అది. మర్నాడూ ఆమె వెళ్లింది, ఆ మర్నాడూ వెళ్లింది. పొద్దున వెళ్లి పొద్దువాలాక వచ్చేది. కొడుకు బతిమాలాడు, కాళ్లు పట్టుకున్నాడు. తను వెళ్లి కూర్చుంటానంటే మాత్రం ఒప్పుకోలేదు. "నిన్ను ఎవడో ఒకడు తాకుతాడు, నువ్వు ఊరుకోవు" అంది.

వీరరాఘవయ్య ఆమెకు ప్లాస్టిక్ కుర్చీ పంపించాడు. మజ్జిగ కూడా పంపించాడు. ఆమె రెండింటినీ ముట్టుకోలేదు. ఆయన కట్ట మీద నిలబడి, ఎండ ఎంతుందో చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, వెళ్లిపోయేవాడు. తొందరేమీ లేనట్టుండేవాడు. ఆ ఏడు ఎండలు ఎలా కాశాయో మీకూ గుర్తుండే ఉంటుంది. ఆయన దేనికోసం ఆగాడో తలుచుకుంటే నాకిప్పటికీ అన్నం సహించదు.

అచ్చమ్మకు వడదెబ్బ తగిలింది. తెనాలిలో ఆస్పత్రిలో చేర్చారని తెలిసి వెళ్లాను. మంచం పక్కన రాజారత్నం తడిగుడ్డతో ఆమె పాదాలు తుడుస్తున్నాడు. నన్ను చూసి ఆమె దగ్గరికి రమ్మంది. గొంతు లేదు, వంగి వినాల్సి వచ్చింది.

"బాబుగారూ, బాపట్లలో మా చెల్లెలోళ్ల దొడ్డి ఉంది. నన్ను అక్కడ పెట్టించండి. ఇక్కడొద్దు. వీడు లోపలికి పోతాడు."

"అట్టా అనమాకమ్మా" అన్నాడు రాజారత్నం. "నాన్న పక్కన ఎవరుంటారు?"

"నువ్వు ఇంట్లో ఉండాలిరా" అంది. ఆమె నోట నేను విన్న ఆఖరి మాట అదే. తెల్లవారి ప్రతాప్ ఫోన్ చేశాడు. మామ్మ పోయిందన్నాడు, పెదనాన్న బాపట్ల ఒప్పుకోవడంలేదన్నాడు.

హిమబిందుగారు ఆ రోజు బాపట్లలో కౌంటింగ్ శిక్షణలో ఉంది. ఫోన్‌లో దొరికింది. అచ్చమ్మ చనిపోయిన సంగతి చెప్పాను.

"నేను ఖననానికి అడ్డు చెప్పనండి" అంది. "పెట్టె మోసే నలుగురూ లోపలికి వెళ్లవచ్చు. మిగతావాళ్లు గేటు బయట ఉండాలి. ఆయన మాత్రం లోపలికి రాకూడదు. ఆయన అడుగు పెడితే కుర్రాళ్లంతా వెనక వస్తారని ఎస్సై అంటున్నాడు. ఒక్క ప్రాణం పోయినా నేను తట్టుకోలేనండి. ఈ ఒక్కరోజు ఆయన్ని ఆపండి, మీకు పుణ్యముంటుంది."

ఆమె నిజంగానే భయపడుతోంది. ఆ భయం తెలిసి నేను గట్టిగా మాట్లాడలేకపోయాను.

అలా అచ్చమ్మను నలుగురు మోసుకెళ్లారు. ప్రార్థన గేటు బయట రోడ్డు మీదే అయింది. పాస్టరు బర్నబాస్ అయ్యగారు లోపలికి వెళితే అయిదో మనిషి అవుతాడు. పాలెం అంతా రోడ్డు మీద ఎండలో నిలబడింది, వాళ్లకూ గేటుకూ మధ్య పోలీసు జీపు. ఆమె ఆస్పత్రిలో ఉన్న రెండు పూటల్లో కట్ట ఆమె చోటులోకి సగం దాకా వచ్చేసింది. గుంట తవ్వినవాళ్లు ఆ మట్టిని తోసి, కాళ్లవైపు కట్ట కిందికి తవ్వాల్సి వచ్చింది. కట్ట మీద వీరరాఘవయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

నలుగురూ పెట్టెను దించారు. దించి పక్కన నిలబడ్డారు. పారలు అక్కడే ఉన్నాయి. ఎవరూ వంగలేదు.

"కానియ్యండి" అని ఎస్సై అరిచాడు.

కదల్లేదు. ఆయన పొరుగు జిల్లా మనిషి, ఆయనకు తెలియదు. ఈ పాలేల్లో తల్లికిగానీ తండ్రికిగానీ పెద్దకొడుకు చేత్తో మొదటి మట్టి పడాలి. అది పడకుండా ఇంకొకరు పార ముట్టరు. కొడుకు హైదరాబాద్‌లో ఉంటే వచ్చేదాకా ఐసుపెట్టెలో ఉంచుతారు. ఆ సంగతి తహశీల్దారుకు చెప్పాలని నాకు తట్టలేదు, చెప్పాల్సిన విషయమని పాలెంవాళ్లకూ తట్టలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నారు. ఎండలో తెరిచిన గుంట, పక్కన నలుగురు మనుషులు. రోడ్డు మీద ఆడవాళ్ల ఏడుపు కూడా ఆగిపోయింది. ప్రతాప్ పిడికిళ్లు బిగించి జీపు వైపు చూస్తున్నాడు, వాడి వెనక కుర్రాళ్లు ఒకరికొకరు దగ్గరగా జరుగుతున్నారు. అంతా తగలబడటానికి ఇంక ఒక్క మాట చాలని నాకు అర్థమైంది.

రాజారత్నం నా పక్కకు వచ్చాడు.

"సార్, వెళితే ఎన్నాళ్లు?"

"బాండు గడువు తీరేదాకా, రత్నం. వచ్చే వేసవి దాకా."

"నేనెళ్తే వీళ్లు ఆగుతారా?"

అతను నా జవాబు కోసం చూడలేదు. ప్రతాప్ దగ్గరికి వెళ్లి, "ఒరే, నా వెనక ఒక్కడు వచ్చినా నేను మీ పెదనాన్నను కాను" అన్నాడు. చెప్పులు విడిచాడు. జీపు పక్కనుంచి గేటులోకి నడిచాడు. ఎస్సై పట్టుకోబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రాజారత్నం గుంట దగ్గర కూర్చుని మట్టి వేశాడు. ఆ తర్వాతే పారలు లేచాయి. తను కూడా ఒక పార తీసుకున్నాడు. మేస్త్రీ కదా, మట్టి సమంగా పరిచి, చేత్తో అద్ది, అంచులు దిద్ది గానీ లేవలేదు. కట్ట మీదున్న మనిషి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వచ్చి జీపెక్కాడు. ఆ రోజు ఆ ఊళ్లో ఒక్క రాయి లేవలేదు. అంత శాంతి ఆ మండలంలో ఏ అధికారీ ఎప్పుడూ నిలబెట్టి ఉండరు.

విచారణ ఆ వారంలోనే జరిగింది. బాండు గడువులో ఉండగా నూట నలభై నాలుగును ఉల్లంఘించి లోపలికి వెళ్లాడని ఎస్సై రాశాడు. వెళ్లిన మాట నిజమేనా అని అడిగితే, నిజమేనండి అన్నాడు రాజారత్నం. నేను గంటసేపు వాదించాను. తల్లిని పాతిపెట్టడం శాంతిభంగం ఎలా అవుతుందన్నాను, అతని వల్లే గొడవ ఆగిందన్నాను. హిమబిందుగారు అంతా విన్నది, రాసుకుంది. ఉత్తర్వు ఒకరికి సడలిస్తే రేపు ఇంకొకరిని ఆపలేనంది. సంతకం పెట్టేటప్పుడు తలెత్తలేదు. ప్రతాప్‌తో సహా రోడ్డు మీద నిలబడ్డ మగవాళ్లలో చాలామందికి బైండోవర్ నోటీసులు అదే పూట వెళ్లాయి, ముందుజాగ్రత్త కోసం. ఇప్పుడు ఆ పాలెంలో గట్టిగా దగ్గాలన్నా మనుషులు ఆలోచిస్తున్నారు.

పైకోర్టుకు వెళ్లాను, వాయిదా పడింది. సర్వేయరు మాత్రం చివరికి వచ్చాడు. కట్ట దొడ్డిలోకి వచ్చిన మాట నిజమేనని రాసిపోయాడు. దాని మీద వీరరాఘవయ్య అప్పీలు పెట్టుకున్నాడు, అదీ నడుస్తోంది, అది తేలేదాకా కట్ట తీయించేవాడు లేడు.

అప్పీలు పడ్డాక వచ్చిన ఆదివారం సబ్‌జైలుకు వెళ్లాను. రాజారత్నం చిక్కిపోయాడు. పాలెంవాళ్ల క్షేమం అడిగాడు, ప్రతాప్‌ను పనిలో పెట్టమన్నాడు. తర్వాత కిటికీ ఊచలు పట్టుకుని మెల్లగా అడిగాడు.

"నీళ్లు పెట్టారా సార్?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"నిన్న పెట్టారు."

అతను అరుస్తాడని, ఊచలు గుద్దుతాడని ఎదురుచూశాను. అరిస్తే బాగుండునని కూడా అనిపించింది.

"మా అమ్మకు తడి పడదండి" అన్నాడు. "తెల్లార్లూ దగ్గుద్ది."

వార్డరు టైమైందని పిలిచాడు. అతను చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.